నాయన కారు రంగు

కోడుమూరులో ఎరువుల అంగడి ఓబుళేశును ఎరగనివాళ్లు లేరు. ఎరగకుండా ఉండే వీలు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఏ పెళ్లయినా మొదటి వరుస కుర్చీ ఆయనదే, ఏ చావయినా పాడె పక్కన ఫొటోలో పడేది ఆయనే. ఉగాదికీ వినాయక చవితికీ సరే, క్రిస్మసుకు కూడా బస్టాండు దగ్గర ఆయన ఫ్లెక్సీ లేచేది. అందులో పార్టీ పెద్దలు గోరంత, ఓబుళేశు కొండంత. గంజి పెట్టిన తెల్లచొక్కా నలుగుతుందని సొంత అంగట్లో ఒక యూరియా బస్తా ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంత సరంజామా ఉండి, యాభై ఏళ్లు వచ్చినా, పాపం వార్డు మెంబరు కూడా కాలేకపోయాడు.

అందుకే ఈసారి ఏకంగా జెడ్పీటీసీ టికెట్ మీద కన్నేశాడు. ఆయన ఉన్నది ఊదా పార్టీ. ఆ పార్టీ జెండా ఊదా, కండువా ఊదా, ఆఫీసులో టీకప్పులు కూడా ఊదా. టికెట్ ఇచ్చేది కర్నూలులో ఉండే ఇన్‌ఛార్జి హర్షవర్ధన్. బొంబాయిలో చదువుకుని వచ్చిన కుర్రవాడు, నవ్వుతూనే కాదనే రకం. పోటీలో సుంకప్ప అనే కాంట్రాక్టరు ఉన్నాడు. సుంకప్పకు డబ్బు ఉంది, జనం ఉన్నారు. ఓబుళేశు దగ్గర ఉన్నది ఒక్క మాట.

"పార్టీ పుట్టిన్నాటి నుంచి మా నాయన ఈ జెండానే మోసినాడు సార్. సచ్చేదాకా ఇంకో జెండా ముట్టలేదు. తాతల కాలం నుంచి భూములుండే ఇల్లు మాది."

"అందరూ ఇదే చెబుతున్నారండీ. చూపించడానికి ఏమైనా ఉందా?" అన్నాడు హర్షవర్ధన్.

తమాషా ఏమిటంటే, ఓబుళేశు అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. అబద్ధమాడటం ఆయనకు బాగానే వచ్చు, కానీ ఇది మాత్రం మనస్ఫూర్తిగా నమ్మాడు. పదేళ్ల వయసులో, పార్టీ పెట్టిన కొత్తలో, నాయన నరసన్న తన ఫియట్ కారుకు ఊదారంగు కొట్టించి కొడుకును పైన కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చాడు. ఊరూరా తిరిగి గొంతు పోయేదాకా అరిచాడు ఓబుళేశు. ఆయన జీవితంలో అంతమంది ఆయన మాట విన్నది ఆ ఒక్కసారే. మరుసటి ఏడు నరసన్న అతణ్ణి కర్నూలు హాస్టల్లో వేశాడు. ఆ తరవాత కారు ఏ రంగు మారిందో, నాయన ఏ గుమ్మం తొక్కాడో కొడుక్కి పట్టలేదు. నరసన్న పోయేనాటికి కారు తెల్లగా ఉంది. ఎండకు వెలిసిపోయిందనుకున్నాడు. ఊదారంగు వెలిస్తే తెల్లసున్నం అవుతుందా అని ఆలోచించలేదు. ఆలోచన ఆయన గడప ఎప్పుడూ పెద్దగా తొక్కలేదు.

ఆ కారు ఇప్పుడు పశువుల కొట్టంలో ఉంది. వెనక సీట్లో కోళ్లు పొదుగుతున్నాయి. ఓబుళేశు కోళ్లను తోలేసి, కారును లారీలో ఎక్కించి కర్నూలుకు తెచ్చాడు.

యేసుప్రసాద్ టింకరింగ్ షెడ్డు నంద్యాల రోడ్డు మీద ఉంది. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని కింద లప్పం డబ్బాల వరుస. సొట్టకు లప్పం, తుప్పుకు లప్పం, చిల్లు పడితే లోపల గోనెగుడ్డ కుక్కి పైన లప్పం. ఆయన చేతిలో పడిన కారులో ఇనుమెంతో లప్పమెంతో కొన్నవాడికి ఎప్పటికీ తెలియదు. పని తక్కువ, మాట ఎక్కువ మనిషి. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "పైపైన రుద్ది ఊదారంగు కొట్టేస్తా అన్నా. పెండ్లికొడుకు మాదిరి ఉంటాది" అన్నాడు.

"కొత్త రంగు ఎవనికి కావాలప్పా? మా నాయన కొట్టించిన రంగే కావాల. అది అడుగున ఉండాది. అందరి ముందరా రుద్దల్ల, అది బయటికి రావల్ల."

"ఒద్దన్నా. పాతవి కెలికితే శానా పని."

ఆ మాట ఒళ్లు బద్ధకంతో చెప్పిందే. అయినా వినుంటే ఓబుళేశు బాగుపడేవాడు.

అనుకున్న రోజు ఉదయం షెడ్డు ముందు షామియానా లేచింది. ముగ్గురు విలేకరులు, కండువాలు వేసుకున్న నలభైమంది, నడుమ కుర్చీలో హర్షవర్ధన్. ఓబుళేశు తల్లి కృష్ణవేణమ్మ కళ్ల డాక్టరు దగ్గరకు వచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని ఆటోలో షెడ్డు దగ్గర దిగింది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఓ మూల స్టూలు మీద కూర్చుంది.

యేసుప్రసాద్ నీళ్లు చల్లి, వాటర్ పేపరు తీసుకుని బానెట్ మీద అరచెయ్యంత మేర రుద్దడం మొదలుపెట్టాడు. తెలుపు పాలలాగా కారిపోయింది. కింద నారింజ రంగు తేలింది.

నారింజ పార్టీ ఆ జిల్లాలో ఊదా పార్టీకి ఆగర్భశత్రువు.

"తుప్పు సార్ అది," అన్నాడు ఓబుళేశు వెంటనే.

ఇంకాస్త రుద్దాడు. చిలకపచ్చ వచ్చింది. చిలకపచ్చ పార్టీ మరో శత్రువు.

"అది ప్రైమరు సార్."

"పచ్చ ప్రైమరు యాడ ఉంటాదన్నా?" అన్నాడు యేసుప్రసాద్. జీవితంలో ఒక్క నిజం చెప్పడానికి ఆయనకు ఆ ముహూర్తమే దొరికింది. కండువాల మధ్య ఎవరో కిసుక్కుమన్నారు. హర్షవర్ధన్ నవ్వాడు.

ఓబుళేశు గంజి చొక్కా చెమటకు వీపున అంటుకుంది. నాయన ఇన్ని పార్టీల్లో తిరిగాడా అని మొదటిసారి అనుమానం వచ్చింది. "రుద్దప్పా, ఇంకా రుద్దు!" అని అరిచాడు. పచ్చ పోయింది. దాని కింద, పల్చగా, అక్కడక్కడా చిట్లి, ఊదా కనిపించింది. జేజేలు మోగాయి. విలేకరులు లేచారు. ఓబుళేశుకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. పదేళ్లప్పుడు పట్టుకున్న మైకు మళ్లీ చేతికొచ్చినట్టయింది.

అక్కడితో ఆగి ఉంటే బతికిపోయేవాడు. కానీ నారింజ, పచ్చ అందరి కళ్లలోనూ ఉన్నాయి. వాటిని మరిపించాలి. "దీని కింద ఇంకోటుండాది సార్," అన్నాడు. "కొన్నప్పటి పాలరంగు. మా నాయన మద్రాసు షోరూములో కొత్తకారు దింపినాడు. ఆ కాలంలో ఈ తట్టున ఎవురికుండె సార్ కారు? రుద్దు ప్రసాదూ, పైకప్పు కూడా రుద్దు."

ప్రసాద్ రుద్దాడు. పాలరంగు వచ్చింది, నిజమే. ఓబుళేశు ఛాతీ పొంగేలోపే అది కూడా పోయి బానెట్ మీద నలుపు తేలింది. పైకప్పు మీద పసుపు తేలింది. ముందు ఎడమ చక్రం పైన లప్పం ఊడిపడి నాలుగు బెజ్జాలు బయటపడ్డాయి. పైది పసుపు, కిందంతా నలుపు. షెడ్డులో ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క హర్షవర్ధన్‌కు తప్ప. లేచి వచ్చి బెజ్జాల్లో వేలు పెట్టి చూశాడు.

"ఇది బొంబాయి టాక్సీ కదండీ. ఇక్కడే మీటరు బిగించేవాళ్లు."

మూల నుంచి కృష్ణవేణమ్మ లేచింది. కొంగుతో బానెట్ మీద నీళ్లు తుడిచింది. ఆమె మొహం విప్పారింది.

"అదే నాయనా, మీటరే. బొంబాయిలో ఏండ్ల తరబడి నడిపినాడు. కరువుకు కూలికి పోయి, డ్రైవరై, ఆఖరుకు సేటు దగ్గర ఇదే బండి కొనుక్కున్యాడు. ఈడు నా కడుపులో ఉండంగా దీంట్లోనే వస్తిమి. తుంగభద్ర దాటకముందే రంగు కొట్టించినాడు, ఊర్లో ఎవురికీ చెప్పొద్దన్యాడు. మా భూములన్నీ దీని మీద వచ్చినవే." కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన పోయినాక నన్నెవురడిగినార్రా?"

ఓబుళేశు కళ్ల ముందు తాతల నాటి భూములు, షోరూము, టికెట్ అన్నీ ఒక్కసారే కూలాయి. తల్లిని పక్కకు నెట్టినంత పని చేశాడు.

"మా యమ్మకు మతి సరిగా లేదు సార్. శానా దినాల నుంచి ఇట్లే మాట్లాడతాంది. ఈ కారు మాది గాదు. ఎవురో మా కొట్టంలో పెట్టిపోయినారు."

కృష్ణవేణమ్మ చెయ్యి బానెట్ మీదే ఉండిపోయింది.

హర్షవర్ధన్ నిట్టూర్చాడు. "అయ్యో. పెద్ద ఇళ్లవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారండీ. కష్టపడి పైకొచ్చిన ఇంటివాళ్లను వెతికి పట్టుకోమని ఈసారి పైనుంచి చెప్పారు. నిజంగా టాక్సీ డ్రైవరు కొడుకయి ఉంటే పచ్చా నారింజా కూడా చూడకుండా ఇప్పుడే మీ పేరు రాసేవాణ్ణి. మీది కాదంటున్నారుగా."

"మాదే సార్!" ఓబుళేశు ఎంత వేగంగా తిరిగాడంటే కండువా జారి లప్పం డబ్బాలో పడింది. "మా నాయనే నడిపినాడు! టాక్సీ డ్రైవరు కొడుకునే నేను! అమ్మా, చెప్పుమా!"

హర్షవర్ధన్ ఆమె వైపు చూశాడు. "నిజమేనా అమ్మా?"

కృష్ణవేణమ్మ కొంగు సర్దుకుంది.

"నాకు మతి లేదు గదా నాయనా. నాకేం తెలుస్తాది? ఈ కారు ఎవురిదో, ఈయప్ప ఎవురో."

ఇన్‌ఛార్జి కారు వెళ్లిపోయింది. దాని వెనక విలేకరులు, విలేకరుల వెనక కండువాలు. షామియానావాడు అప్పుడే గుంజలు పీకుతున్నాడు. ఓబుళేశు స్టూలు మీద కూలబడ్డాడు, దాని మీద తడి ఉందని కూడా చూడలేదు.

"అన్నా, ఇంతకీ ఏం రంగు కొట్టమంటావు?" అని అడిగాడు యేసుప్రసాద్.

కృష్ణవేణమ్మ అప్పటికే ఆటో ఎక్కింది. జవాబు ఆటోలో నుంచి వచ్చింది.

"కింద నలుపు, పైన పసుపు. ఆ బెజ్జాలకు లప్పం పెట్టొద్దప్పా, మీటరు తెస్తా."