ఏ లెక్క రాలేదో రాయి

నా చిన్నప్పుడు మేము బందరు పక్కనే చిలకలపూడిలో ఉండేవాళ్ళం. నాన్న రోల్డ్ గోల్డ్ గొలుసులు చేసేవారు. పక్కింటి మావయ్య ఓడలో వంటవాడు, ఏడాదికోసారి ఇంటికొచ్చేవాడు. నా ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు ఇక నెల రోజులున్నాయనగా జపాన్ నుంచి అరచేతంత చెక్క ఒకటి తెచ్చిచ్చాడు.

అక్కడ చదువుకునే పిల్లలు మొక్కుకునే గుళ్ళు, షింటో అనే వాళ్ళ మతానివి, ఉన్నాయట. పరీక్షల ముందు ఇలాంటి చెక్కల మీద కోరిక రాసి, గుడి ఆవరణలో వరుసగా వేలాడదీస్తారట. ఆ గుళ్ళలోని దేవుడు ఒకప్పుడు మనిషేనట, గొప్ప పండితుడట. దేవుడికి ఉత్తరం రాయొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో తప్పాను. ఈసారీ తప్పితే బడి మాన్పిస్తానని నాన్న అనేశారు. ఉన్నది ఒకటే చెక్క కాబట్టి ముందు కాగితం మీద రాసి చూపించమన్నాడు మావయ్య. 'లెక్కల్లో పాసవ్వాలి' అని రాశాను.

"ఇట్టా రాస్తే ఎట్టానే? ఆయన చదువుకున్న దేవుడు. ఏ లెక్క రాలేదో అడుగుతాడు."

'భిన్నాలు' అని రాశాను.

"భిన్నాల్లో ఏంటి?"

ఉక్రోషంతో పుస్తకం తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. కూడికలు వచ్చాయి. తీసివేతలూ వచ్చాయి. భాగహారం దగ్గర ఆగిపోయాను. రెండో భిన్నాన్ని ఎందుకు తలకిందులు చేస్తారో తెలియలేదు. ఏవీ రావనుకున్నదాన్ని, రానిది ఇదొక్కటేనా అని ఆశ్చర్యపోయాను. అదే రాసి చూపించాను.

మావయ్య తల గోక్కున్నాడు. ఆయన చదివింది ఐదో తరగతే. నన్ను లెక్కల మాస్టారి ఇంటికి తీసుకెళ్ళి, "ఇది కాస్త చెప్పండి మాస్టారూ" అన్నాడు. మాస్టారు జామకాయను సగానికి కోసి, "ఈ సగంలో పావు ముక్కలు ఎన్నమ్మా?" అని అడిగారు. రెండు! అరను పావుతో భాగిస్తే రెండు. కాయ మొత్తంలో పావులు నాలుగు కాబట్టే పావును తలకిందులు చేసి, అరను నాలుగుతో గుణిస్తారన్నమాట. ఇంతేనా అని నవ్వొచ్చింది.

తిరిగొస్తూ అడిగాను. "మావయ్యా, అక్కడి పిల్లలూ ఇట్టాగే రాస్తారా?"

"ఏమోనే! వాళ్ళ రాత నాకు చదవడం వస్తేగా!"

ఇంటికొచ్చి చెక్క మీద 'అడిగాను, చెప్పారు' అని రాసి, నాన్న దగ్గరి తీగ ముక్కతో కిటికీకి కట్టాను. పరీక్ష పాసయ్యాను. నాన్న మళ్ళీ బడి మాన్పించే మాట ఎత్తలేదు.

ఇప్పుడు నాకు అరవై ఐదు నిండాయి. డాక్టరుగారి దగ్గరైనా, బ్యాంకులోనైనా, ఫోన్‌లో కొత్తదేదైనా నేర్చుకోవాల్సి వచ్చినా "నాకేమీ తెలీదండీ" అనను. ఎక్కడ ఆగిపోయానో చూసుకుని, ఆ ఒక్కటే అడుగుతాను. అలా అడిగినందుకు ఇంతవరకు ఎవరూ నన్ను విసుక్కోలేదు.