అక్క టైపు చేసిన వ్యాసాలు

లిఫ్టులు బాగుచేసే అతణ్ణి వీధిలో అందరూ మెకానిక్ అనే పిలిచేవారు. చదువు మధ్యలో ఆగినా రాయడం తనంతట తనే నేర్చుకున్నాడు. తాడు ఎక్కడ అరిగిందో, తలుపు ఎందుకు మూసుకోనందో, లోపల ఇరుక్కున్నవాళ్లు ముందు ఎవర్ని తిట్టారో, చూసింది చూసినట్టు రాసేవాడు. ఒక్క మాట ఎక్కువైందనిపించినా కొట్టేసేవాడు. రాసిన ప్రతిదీ ముందు అక్కకి చూపించేవాడు. "భలే ఉందిరా" అనేది ఆవిడ. ఆ మాట చాలు, వారమంతా హుషారుగా ఉండేవాడు.

సాయంకాలం కాలేజీలో రచన నేర్పే కోర్సు పెట్టారు. దరఖాస్తుతో పాటు సొంతంగా రాసిన వ్యాసాలు ఐదు, టైపు చేసి పంపాలి. టైపు సెంటరు అక్కదే.

"ఉన్నదున్నట్టు కొట్టక్కా. కామా కూడా కదపొద్దు."

"నీ కామాలు నేనేం చేసుకుంటానురా, గుచ్చి మెళ్లో వేసుకుంటానా? పో, పనికి పో!"

కవరు అంటించి పంపింది కూడా ఆవిడే. ఓసారి చూస్తానని అడగాలని కూడా అతనికి తోచలేదు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఉతికిన చొక్కా వేసుకుని, గోళ్లలో గ్రీజు పోయేదాకా రుద్దుకుని వెళ్లాడు. కోర్సు నడిపే మేడమ్ చేతిలో అతని వ్యాసాలున్నాయి.

"చీకట్లో ఆ పాప మీ వేలు పట్టుకుని వదల్లేదని రాశారు చూడండి, నాకు ఏడుపొచ్చేసిందండీ."

ఏ పాప? ఆ రోజు లిఫ్టులో ఇరుక్కున్నది ఇద్దరు గుమాస్తాలు, ఒక నీళ్ల డబ్బా. కాగితాలు అడిగి తీసుకుని తిరగేశాడు. రెండోదాంట్లో అతని తండ్రి లిఫ్టు గుంతలో పడి చనిపోయాడు. నిజానికి ఇప్పుడు వేసుకొచ్చిన చొక్కా పొద్దున్నే ఇంట్లో ఇస్త్రీ చేసి ఇచ్చింది ఆ తండ్రే. మిగతావీ అదే వరస. చివరిది మాత్రం అతను రాసినట్టే ఉంది.

"ఆ చివరిది కాస్త చప్పగా ఉంది. పర్లేదు, మిగతావి చూసి సీటు ఇద్దామనుకున్నాం" అంది మేడమ్.

అతను ఆ చివరి కాగితం తీసి ముందుకు జరిపాడు. "ఆ చప్పటిదే నాదండీ. మిగతావి మా అక్క మార్చేసింది."

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "అయితే దరఖాస్తు చెల్లదండీ. ఏమనుకోకండి."

తిన్నగా సెంటరుకి వెళ్లాడు. జరిగింది విని అక్క నెత్తి కొట్టుకుంది.

"నోరు మూసుకుని కూర్చుంటే సీటొచ్చేది కదరా! నీ మంచికే చేశాను."

"మరి చివరిదాన్ని ఎందుకు వదిలేశావు?"

"దాన్నేం చేసినా బాగుపడదురా."

"ఇన్నేళ్లూ భలే ఉంది, భలే ఉంది అన్నావు కదక్కా?"

"తమ్ముడివి. ఇంకేమంటాను?"

సీటు పోయినప్పుడు కూడా అతనికి అంత నొప్పి అనిపించలేదు. చేతిరాత కాగితాలు అడిగి తీసుకుని బయటికొచ్చాడు.

రాయడం మానలేదు. వేరేచోట టైపు నేర్చుకున్నాడు. అక్క ఇంటికి రాకపోకలూ మానలేదు. "ఏమైనా రాస్తున్నావట్రా?" అని ఆవిడ అడిగితే మాత్రం, "ఎక్కడక్కా, పనితోనే సరిపోతోంది" అనేవాడు.