ఊపిరి లెక్కపెట్టడం నేర్పిన పక్కింటి బాబాయి

పోయిన మంగళవారం పొద్దున గేటు దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటుంటే, పక్కింటి కోడలు గోడ మీదుగా పిలిచి, "అక్కా, మామ పోయిండు. దవాఖాన నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది" అని చెప్పింది. లాలాగూడలో మా గల్లీ వాళ్ళకు ఆయన రైల్వే వర్క్‌షాపులో రిటైరైన పెద్దమనిషి. మాకు బాబాయిగారు. మా కుక్క లడ్డు ఈ రోజు బతికి ఉన్నాడంటే అది ఆయన పుణ్యమే.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయనంటే నాకు ఒళ్ళు మంట. లడ్డు మా అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకున్న పగ్ కుక్క. చప్పిడి ముక్కు, ముడతల మొహం, కూర్చున్న చోటే గురక. ఆ గురక మా ఇంటిల్లిపాదికీ వినోదం. ఫోన్లో రికార్డు చేసి భీమవరంలో ఉన్న చుట్టాలందరికీ పంపాం. అచ్చం మీ మామగారి గురకే అని వాళ్ళు పడీపడీ నవ్వారు. బాబాయిగారు మాత్రం గోడ అవతల నిలబడి, నవ్వకుండా వాణ్ణే చూస్తూ ఉండేవారు. ఏమిటలా చూస్తారని ఒకరోజు అడిగేశాను.

"గది నిద్ర గాదు బిడ్డా. గాలితోని కుస్తీ పడ్తున్నది. జెర డాక్టర్‌కు చూపియ్యి" అన్నారు.

మా కుక్క సంగతి మాకు తెలియదా అన్నాను. నాకు నోరెక్కువ, అందరికీ తెలిసిందే. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన చేసిన పని అలాంటిది. ముప్పై ఏళ్ళకు పైగా రైలు పెట్టెల బ్రేకు గొట్టాలు చూశారు. అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి, బుడగ లేస్తే అక్కడ గాలి పోతోందని పట్టుకోవాలట. బుడగ కంటే ముందు తన చెవికే తెలిసిపోయేదని గొప్పగా చెప్పుకునేవారు. రిటైరయ్యాక కూడా ఆ చెవి ఊరుకోలేదు. గల్లీలో ఏ కుక్క దగ్గినా ఆగేవారు, దాని పై పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూసేవారు. "గులాబి రంగుంటే ఖైరియత్" అని వదిలేసేవారు. వెధవ అలవాటు, చేతులు కడుక్కోరేమో అని నేను విసుక్కునేదాన్ని.

ఆ మే నెలలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. లడ్డు చుట్టూ చేరి మధ్యాహ్నం దాకా వాడితో ఆడారు, పరిగెత్తించారు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి లడ్డు నాలుగు కాళ్ళూ బిగబట్టి, మెడ చాచి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పడుకోడు, కూర్చోడు. ఎండ దెబ్బేమో అని నేను కిటికీలన్నీ మూసి ఏసీ పెట్టాను. మా అత్తగారికి వేరే అనుమానం. ఇంతమంది కళ్ళు పడ్డాయి, దిష్టి కొట్టిందని ఎండుమిరపకాయలూ ఉప్పూ వాడి చుట్టూ మూడుసార్లు తిప్పి, వంటింట్లో ఇనుప గరిటెలో కాల్చారు. తలుపులన్నీ మూసిన ఇంట్లో ఆ ఘాటు ఊహించుకోండి. మేమే దగ్గలేక చస్తున్నాం, ఇక వాడి సంగతేమిటి? నాలుక నేరేడుపండు రంగుకు తిరిగింది. వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా వేసుకుని గ్లాసుతో నోట్లో నీళ్ళు పోయబోయాను.

"పొయ్యకు బిడ్డా, నీళ్ళు పొయ్యకు! ఊపిరితిత్తులకు పోతయ్" అంటూ బాబాయిగారు తలుపు తోసుకుని వచ్చారు. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే. వస్తూనే కిటికీలు తెరిపించారు. మెడ పట్టా విప్పేశారు. లడ్డును నా ఒళ్ళోంచి తీసి వరండాలోకి ఎత్తుకెళ్ళి నిలబెట్టారు. పొట్ట మీదా పాదాల మీదా కుళాయి నీళ్ళు చల్లారు. నేను ఐసు తేబోతే వద్దన్నారు. "మోచేతులు ఎట్ల బయటికి పెట్టిందో చూడు. ఛాతీకి జాగ కావాలె దానికి. పండవెట్టొద్దు, ఎట్ల నిలవడితె గట్లనే ఉండనియ్యి. డాక్టర్‌కు ఫోన్ చెయ్యి, వస్తున్నమని చెప్పు, ఆక్సిజన్ తయారు పెట్టమను" అన్నారు. ఆటోలో దారి పొడుగునా వాణ్ణి రెండు చేతుల మధ్య నిలబెట్టి పట్టుకున్నారు. అంతసేపూ వాడితో మెల్లగా ఏదో మాట్లాడుతూనే ఉన్నారు.

లడ్డు బతికాడు. ఇంటికొచ్చాక మా అత్తగారు "నా చేతులతో నేనే చంపేసేదాన్ని" అని ఏడుస్తూ అన్నం ముట్టలేదు. సాయంత్రం బాబాయిగారు వచ్చి ఆవిడ ఎదుట కూర్చున్నారు.

"చెల్లే, మీ మిరపకాయ ఘాటు మా ఇంట్లకు రాకుంటే నేను లేస్తుంటినా? మంచిగ పండుకున్న. తుమ్ములు వచ్చి లేచిన."

"మీరు నన్ను ఓదార్చడానికి అంటున్నారు అన్నయ్యగారూ."

"ఓదార్చుడేంది? ఇంకా ముక్కు మండుతున్నది" అన్నారాయన. ఆవిడ ఏడుపులోనే నవ్వారు. ఆ రాత్రి అన్నం తిన్నారు.

ముక్కు రంధ్రాలు మరీ ఇరుకు, అంగిలి వెనక కండ పొడుగు, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు అన్నారు డాక్టరు. వారం పాటు వాడు నిద్రపోయేటప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రాసి తెమ్మన్నారు. ముప్పై దాటుతుంటే ఆలస్యం చేయొద్దన్నారు. నాకు ఆపరేషన్ అంటే ప్రాణభయం. మత్తు ఇస్తే మళ్ళీ లేస్తాడో లేడో అని. అందుకని ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఐదు అని రాసుకుంటూ పోయాను. నాలుగో రోజు బాబాయిగారు ఆ పుస్తకం చూసి, నేల మీద లడ్డు పక్కన కూర్చుని వాచీ విప్పి చేతిలో పట్టుకున్నారు. "పొట్ట లేసి దిగితె ఒకటి" అని పైకే లెక్కపెట్టారు. నలభై ఒకటి వచ్చింది.

నాకు మొహం చెల్లలేదు. ఆయన కోప్పడలేదు.

"భయపడ్డవ్. భయపడుడు తప్పు గాదు. గని నువ్వు తక్వ రాస్తె డాక్టర్ ఏం జేస్తడు? మా షెడ్డుల ఒక కుక్క ఉండె. మాతోనే తింటుండె. దగ్గు షురూ అయితె గొంతుల కోడి బొక్క ఇరికిందనుకున్నం. రోజూ దగ్గుతనే ఉన్నది, మేం రోజూ నవ్వుతనే ఉన్నం. నెల దినాలకు నా కాళ్ళ కాడనే పోయింది. గుండె జబ్బట. ఎవ్వలం లెక్కవెట్టలే."

ఆ పేజీ చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆపరేషన్ అయింది, బాగానే అయింది. గురక లేని ఇంట్లో మొదటి రోజు నాకు తోచనే లేదు, వాడి దగ్గరికి పదిసార్లు వెళ్ళి చూసొచ్చాను. రెజిమెంటల్ బజార్‌లో గట్టి గుడ్డ పట్టీ కొనుక్కొచ్చి, మెడ మీద బరువు పడకుండా ఛాతీకి కట్టేలా బాబాయిగారే కుట్టి ఇచ్చారు. కుట్లు కాస్త వంకర. బిస్కెట్లు మాత్రం పెట్టనిచ్చేవారు కాదు. "ఒళ్ళు పెరిగితె ఊపిరి తగ్గుతది" అనేవారు. నా వైపు కూడా ఓ చూపు విసిరేవారు.

పోయిన చలికాలం ఆయన పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద ఊని, మెడ ముందుకు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎండకు కూర్చున్నారని గల్లీలో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మూడో రోజు చూశాను, ఆయన మోచేతులు ఆ మే నెలలో లడ్డు పెట్టినట్టే బయటికి తిరిగి ఉన్నాయి.

"బాబాయిగారూ, మీరు నడుం వాల్చి ఎన్నాళ్ళయింది?"

"గమ్మునుండు బిడ్డా. ఇంట్లోళ్ళను పరేషాన్ చెయ్యకు."

నేను గమ్మున ఉండలేదు. ఆ సాయంత్రమే వాళ్ళబ్బాయికి చెప్పాను. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయన్నారు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు కోడలితో కబురు పంపారు, లడ్డును తీసుకుని రమ్మని. అప్పటి నుంచి రోజూ నాలుగింటికి వెళ్ళేవాళ్ళం. ఆయన దిండ్లకు ఆనుకుని మంచం మీద కూర్చునేవారు, లడ్డు పక్కన ఎక్కి పడుకునేవాడు. తిట్టడానికైనా పొగడడానికైనా ఆయనకు ఇక ఎక్కువ మాటలు వచ్చేవి కాదు. నేనే వాగుతూ ఉండేదాన్ని.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా అలాగే వెళ్ళాను. ఆయన తన వాచీ తీసి నా చేతిలో పెట్టారు. "ఇయ్యాల నాది లెక్కవెట్టు" అన్నారు.

నిమిషం పాటు ఆయన ఛాతీ చూస్తూ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

"ఎంత?"

"ఇరవై రెండు, బాబాయిగారూ."

ఆయన నా మొహంలోకి చూసి, "మంచిదే" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి కోడలికి అసలు లెక్క చెప్పాను. ఆ పిల్ల వెంటనే అంబులెన్సుకు ఫోను చేసింది. నేను కళ్ళు తుడుచుకుని తిరిగి వచ్చేసరికి బాబాయిగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. పక్కన లడ్డు సడి లేకుండా నిద్రపోతున్నాడు. వాడి వీపు మీద ఆయన చెయ్యి మెల్లగా లేస్తోంది, దిగుతోంది.