తుంగ అనుకున్న మొక్క

మా ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల మొక్కలు: వరి, వరికి శత్రువులు. చిలుకూరు దగ్గర పొలం, కోదాడలో ఇల్లు మాది. తెల్లారగానే బండి తీసి పొలానికి పోయే మనిషి, ఇంటి ముందు గులాబీని కూడా ఎకరానికి ఎంత దిగుబడి అన్నట్టే చూస్తాడు. అలాంటాయన ఇంట్లో నేను ఫెర్న్ పెంచాను. నా ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

సూర్యాపేటలో మా అమ్మ కుళాయి పక్కన తడి నేలలో పెంచిన మొక్క అది. అమ్మకు ఫెర్న్ అనే పేరు తెలియదు, ఈకల మొక్క అనేది. అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. మిర్యాలగూడలో ఉండే మా అక్క ఓ పిలక తీసుకుంది, నేనో పిలక తెచ్చుకున్నాను. చీరలూ గిన్నెలూ పంచుకునేటప్పుడు అక్కా నేనూ మాటా మాటా అనుకున్నాం గానీ, ఆ మొక్క దగ్గర మాత్రం ఇద్దరం నోరెత్తలేదు.

దాని కొత్త ఆకు వచ్చే తీరే వేరు. ఒళ్లంతా నూగుతో, పసిపిల్ల పిడికిలి బిగించినట్టు చుట్ట చుట్టుకుని మట్టిలోంచి లేస్తుంది. తర్వాత రోజుకింత విప్పుకుంటుంది. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చుంటే నాకు పనులు గుర్తుండేవి కావు.

"పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. ఏం జూసి పెంచుతున్నవే దీన్ని?" అనేవాడు మా ఆయన. ఒకరోజు ఆకు తిప్పి చూసి అదిరిపడ్డాడు. అడుగున గోధుమరంగు చుక్కలు, వరసగా. "తెగులు వట్టింది! మందు కొట్టాలె" అని పొలం మందు డబ్బా తెచ్చాడు. లాక్కున్నాను. ఆ చుక్కల్లో రాలే పొడే దానికి విత్తనమని, చెమ్మ ఉన్నచోట పడితే మొలుస్తుందని, అమ్మ వాళ్ల కుళాయి గోడ పగుళ్లలో నేను కళ్లారా చూశానని చెప్పాను. "పొడి ఏంది, మొలుసుడు ఏంది!" అని నవ్వుకుంటూ పొలానికి పోయాడు.

పోయినేడు ఎండలు ముదిరినప్పుడు అక్క ఫోన్ చేసింది. "డాబా రిపేరు చేపిస్తే మేస్త్రీలు కుండీలన్నీ ఎండల వెట్టిండ్రు. నా ఈకల మొక్క వేర్లతోని ఎండి ఖతమైంది. నీది ఉంది గద? వానలు వడ్డంక వచ్చి ఓ పిలక తీస్కపోత" అంది. ఏడుపు దాచుకుంటోందని గొంతులోనే తెలిసింది. "ఉంది, రా అక్కా" అన్నాను. అమ్మ చేతి మొక్క ఇక మా ఇంట్లోనే మిగిలింది.

ఆ తర్వాత ఓ పెళ్లికి పోయి నాలుగు రోజులకు ఇల్లు చేరాను. కుండీలో ఫెర్న్ లేదు. ధనియాలు నలిపి చల్లి, పైన తడి గోనెసంచి కప్పి ఉంది.

"ఆకంత మాడింది. పంట అయిపోయింది గదాని పీకిన. పీకితే అడుగున ఏముంది? దారాలు, దారాలకు గడ్డలు! ఇంట్ల తుంగ పెంచుతున్నవా నువ్వు?" అని మా ఆయన నా మీదే లేచాడు. వరి రైతుకు తుంగంటే అంత మంట మరి. పైన ఎంత పీకినా నేలలో గడ్డ మిగిలితే మళ్లీ లేచే కలుపు అది.

"యాడ వడేసినవ్?" అన్నాను.

"చెత్త బండిల."

నాకు ఒళ్లు మండిపోయింది. పైన ఆకులు మాడాయే గానీ మొక్క చావలేదని, ఆ గడ్డల్లో నీళ్లు దాచుకుని వానకోసం చూస్తోందని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను. అది మా అమ్మ మొక్క అని ఆయనకు అప్పుడు తట్టింది. చెత్త బండి అతణ్ణి వెతుక్కుంటూ పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ వారమంతా నేను కూర వండలేదు, మా ఇంట్లో పచ్చిపులుసే. కొత్తిమీర మాత్రం సిగ్గులేకుండా ఏపుగా పెరిగింది. నేను ఒక్క రెమ్మ ముట్టలేదు.

అక్క ఫోన్ చేసి మొక్క ఎట్లుందని అడిగితే "మంచిగుంది" అనేదాన్ని. ఆకాశంలో మబ్బు కనిపిస్తే నా గుండెల్లో రాయి పడేది.

వానలు పడనే పడ్డాయి. చల్లబడిందని మా ఆయన ఇంటి వెనక కిటికీకున్న కూలర్ దించి, దాని స్టాండు పక్కకు జరిపాడు. అంతే, కేక పెట్టాడు.

"ఏమే! జల్ది రా! నీ తుంగ లేసింది!"

చేతికున్న పిండితోనే పరుగెత్తాను. కూలర్ నీళ్లు కారి కారి బురదైన చోట, నూగు నూగుగా పిడికిళ్లు! ఒకటి అప్పటికే సగం విప్పుకుంది. నీళ్లకు అక్కడ పడ్డ గుంట పూడ్చడానికి, కొత్తిమీర వేసేముందు కుండీలోని పాత మట్టిని మా ఆయన అక్కడే పోశాడట. ముద్ద చెత్తబండికి పోయినా, విడిపోయిన గడ్డలు మట్టిలో ఉండిపోయాయి. మిగతా ఎండాకాలమంతా కూలర్ మాకు గాలి, వాటికి నీళ్లు ఇచ్చింది. ఈ వయసులో ఆ బురదలో నేను గంతులేశాను. మా ఆయన నాకంటే ఎక్కువ వేశాడు.

అక్క వచ్చినప్పుడు కథంతా చెప్తే నవ్వలేక కడుపు పట్టుకుంది. "ఏం మరిదీ, మా అమ్మ మొక్కకు తుంగని పేరు వెట్టినవా?" అంది. పిలక తీద్దామని తను గరిటె పట్టుకుని కూర్చుంటే మా ఆయన ఆపాడు.

"ఉండు వదినా, వేరు తెగుతది. నేను తీస్త."

వరి నారు పీకినంత నేర్పుగా వేళ్లు బురదలోకి దించి, మట్టి రాలకుండా పిలక లేపి అక్క చేతిలో పెట్టాడు. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకునే మిర్యాలగూడ బస్సెక్కింది. సాయంత్రానికి మా ఆయన కొత్తిమీర పీకేసి, నా కుండీలో ఇంకో పిలక నాటాడు.

ఈ ఎండాకాలం మళ్లీ ఆకులన్నీ మాడిపోయాయి. కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు. పొద్దున లేచి చూస్తే మా ఆయన చెంబుతో ఆ మట్టికి నీళ్లు పోస్తున్నాడు. ఆటపట్టిద్దామని, "పంట అయిపోయింది గదా, ఎవరికి పోస్తున్నవ్?" అని గట్టిగా అడిగాను.

"మెల్లగ మాట్లాడు" అన్నాడు. "అత్తమ్మ మొక్క పండుకున్నది."