గడ్డివాముకు కప్పిన టాపు

మా బాబాయిగారు పోయారు. మొన్న పొద్దున్నే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న పోయిండు. రాత్రి మంచిగనే తిన్నడు. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు.  "ఆన బాగ పడుతుంది, తగ్గినంక రా అక్కా" అని కూడా అన్నాడు. వాన అనే మాట ఆ ఇంట్లో ఎవరు పలికినా నాకు గుండెల్లో కలుక్కుమంటుంది. ఎందుకో చెప్పాలంటే ఆయన గురించే కాదు, ఆయన కారు గురించి కూడా చెప్పాలి.

బాబాయిగారంటే నాకు చుట్టం కాదు. ఎనభైల్లో నేను గుంటూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన ఇల్లు ఆయనది. చైతన్యపురి వెనక అప్పుడప్పుడే కాలనీలు లేస్తున్నాయి. ఎటు చూసినా ఇసక కుప్పలు, సున్నం గీతలు, పాతిన రాళ్ళు. ఆ ఇంటి వెనక వాటాలో మేం కిరాయికి దిగాం. ఊళ్ళో అందరూ ఆయన్ని పటేలా అనేవాళ్ళు. నాకు అలా పిలవడానికి నోరు రాక బాబాయిగారూ అన్నాను, ఆయన భార్యని పిన్నిగారూ అన్నాను. "గారు ఎందుకే బిడ్డా, నేనేమన్న తాసిల్దారు పెండ్లాన్నా?" అని ఆవిడ పకపకా నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. దగ్గొస్తే గోడ పట్టుకుని నిలబడేది.

ఆవిడకి ఊపిరి జబ్బు. బస్సెక్కితే వాంతి, టాక్సీ ఎక్కితే ఉక్కిరిబిక్కిరి. "మూసిన బండిల నాకు పాణం ఆడది" అనేది. పుట్టింటికైనా, జాతరకైనా ఎడ్లబండి మీదే వెళ్ళింది. అయితే వాళ్ళ మెట్ట చెలకలన్నీ అమ్ముడై ప్లాట్లయ్యాక ఎడ్లకి పనేముంది? వాటినీ అమ్మేశారు. ఒక్క బర్రె మిగిలింది. ఇక పిన్నిగారు గడప దాటడం మానేసింది. పొద్దస్తమానం వాకిట్లో కూర్చుని, తన జొన్న చేను ఉన్న వైపు చూసేది. అక్కడ ఇళ్ళు తప్ప ఏమీ కనపడేవి కావు.

ఒకరోజు బాబాయిగారు పాతబస్తీలో ఎవరో నవాబుల దేవిడీ బంగళా నుంచి కారు కొనుక్కొచ్చారు. అలాంటి కారు నేను సినిమాల్లో తప్ప చూడలేదు. రెండే సీట్లు, నేలకి ఆనుకుని ఉంటుంది. ఒకప్పటి ఎరుపు రంగు ఎండిన రేగుపండులా అయింది. పైన టాపు గుడ్డది, మడిచి వెనక్కి తోసేయొచ్చు. ఆయన దాన్ని మడవను కూడా లేదు, మొత్తానికే విప్పేశారు. కొట్టంలో బర్రెకోసం వేసిన గడ్డివాము మీద కప్పి, నాలుగు రాళ్ళు పెట్టారు.

"అదేంటండీ బాబాయిగారూ, టాపు తీసేశారు?" అన్నాను.

"ఎడ్లబండికి టాపుంటదా బిడ్డా? ఇది మీ పిన్నికోసం తెచ్చిన ఖుల్లా బండి. టాపేస్తే ఇది గూడ మూసిన బండే అయితది."

ఆయన బామ్మర్దులు వచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఏంది బావా, రెండే సీట్లా! ఎడ్లబండైతే ఊరంతా ఎక్కుతుండె" అన్నారు. "మీరు ఎక్కొద్దనే రెండు సీట్లది తెచ్చిన" అన్నారీయన. పిన్నిగారు మొదటిసారి అందులో కూర్చుని, "గిదేందయ్యా, పీట మీద కూసున్నట్టున్నది, ఇగ అన్నం పెట్టు" అంది. ఆ రోజు ఆవిడ దగ్గలేదు.

హ్యాండ్ బ్రేకు పట్టేది కాదు. వాకిలేమో వాలు. ఆయన కారు ముందు భాగానికి పలుపు వేసి ఎద్దుల గుంజకి కట్టేసేవారు. పొద్దున విప్పేటప్పుడు "హో... హో..." అనేవారు. అందరూ దసరాకి బండ్లకి పూజ చేస్తే, ఈయన ఏరువాక పున్నమికి కారు కడిగి, పసుపు రాసి, అమ్మేసిన ఎడ్ల మువ్వలు తెచ్చి ముందు కట్టేవారు. మా వారు ఆఫీసులో ఆ సంగతి చెప్పి నవ్వించేవారట. నేనూ నవ్వాను. 

సాయంత్రాలు ఇద్దరూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా, బుద్ధి పుడితే హయత్‌నగర్ దాకా వెళ్ళేవాళ్ళు. మువ్వలు గలగలమంటూ కారు వస్తుంటే కాలనీ ఆడవాళ్ళం అరుగుల మీదకి చేరేవాళ్ళం. పిన్నిగారు కొంగు తలమీద కప్పుకుని, ఎగరకుండా పళ్ళతో పట్టుకుని కూర్చునేది. ఒక సాయంత్రం మాత్రం ఇద్దరూ చీకటి మొహాలతో తిరిగొచ్చారు. తను ఎడ్లతో మోట తోలి నీళ్ళు పారించిన బావి చూస్తానని ఆవిడ అడిగిందట. ఒకప్పటి సొంత భూమిలో ఆయనకి దారి తెలియలేదు. ఒక ఇంటివాళ్ళని అడిగితే "ఏ బ్లాకండీ? ప్లాటు నంబరెంత?" అన్నారట. బావి ఎక్కడుందో ఆయన చెప్పలేకపోయారు. చివరికి ఇటుక ముక్కలతో పూడ్చిన గుంత ఒకటి కనపడింది, అదేనో కాదో. పిన్నిగారు "ఇగ నన్ను ఇటు తేకు" అందట. అప్పటినుంచి కారు హైవే మీదే తిరిగింది.

ఆ ఏటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం పిన్నిగారికి ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా అయిపోయాయి. వాళ్ళబ్బాయి బాలాపూర్‌లో ప్లాట్ల బేరం మీద ఉన్నాడు. మా వారు ఆఫీసులో. ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. ఆ బురదలోకి ఏ ఆటో వస్తుంది? బాబాయిగారు ఆవిడని ఎత్తుకెళ్ళి కారులో కూర్చోబెట్టారు. "బిడ్డా, గొడుగు పట్టుకో, ఎక్కు" అని అరిచారు. సీట్ల వెనక సామాను పెట్టుకునే కాస్త చోటులో నేను ముడుచుకుని కూర్చుని, ఆవిడ తలమీద గొడుగు పట్టాను.

అలాంటి కారు జోరుగా పోతే వాన అద్దం మీదుగా వెనక్కి పోతుంది. ఆ బురదలో జోరెక్కడిది? చక్రం గుంతలో పడ్డప్పుడల్లా కారు ఆగేది, వాన నేరుగా ఆవిడ ఒళ్ళో పడేది. మెయిన్ రోడ్డు చేరేలోపే గాలికి గొడుగు తిరగబడిపోయింది. నా కొంగు కప్పాను, అది అప్పటికే తడిసి ముద్దయింది. పిన్నిగారు ఒక్కసారి ముఖం పైకెత్తి, "మంచిగ గాలొస్తుంది" అంది. ఆ మాట నేను విన్నాను. ఆయన కూడా విన్నారు.

దవాఖానలో రెండు రోజులుండి పోయింది.

తడవడం వల్ల కాదని డాక్టరు చెప్పాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి, పొడిగా తెచ్చినా ఇంతే అన్నాడు. ఆయన తల ఊపారు. కర్మ ముగించుకుని ఇంటికొచ్చాక కొట్టంలోకి వెళ్ళారు. గడ్డివాము మీద రాళ్ళు తీసి, టాపు ఎత్తి, గడ్డి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశారు. అక్కడే కూలబడిపోయారు.

"గడ్డి తడవలే బిడ్డా. మనిషి తడిసింది" అన్నారు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. పెళ్ళిళ్ళలో కూర్చుని, పండగనాడు విస్తరి ముందు కూర్చుని, ఉన్నట్టుండి అనేవారు. ఎన్ని విధాల చెప్పి చూశాను! డాక్టరు మాట గుర్తు చేశాను. ఆవిడ చివరి మాట గుర్తు చేశాను. "నీది మంచి మనసు బిడ్డా. గని ఆన నీ మీద గూడ పడ్డది, నీకెర్కనే" అనేవారు. ఓదారిస్తే మనిషి ఓదారుతాడని నేను అనుకునేదాన్ని. ఆయన దగ్గర ఆ నమ్మకం పోయింది. కొన్ని దుఃఖాలకి మాటలు చాలవు, కాలమూ చాలదు. ఊరికే పక్కన కూర్చోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

పిన్నిగారు పోయిన నెలలోనే ఆయన ఎల్బీనగర్‌లో లారీ పట్టాలు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి మందపాటి పట్టాతో కారుకి టాపు కుట్టించారు. "ఒక పట్టా అమ్మి బండి కొన్న. ఇప్పుడు ఇంకో పట్టా తెచ్చి కప్పిన. ముందటిది భూమి పట్టా, ఇదేమో గుడ్డ పట్టా. రెండిట్ల ఒక్కటన్న అక్కరకొచ్చిందా?" అన్నారు. మళ్ళీ ఆ కారు నడపలేదు. గుంజకి కట్టేసే ఉంచారు. టైర్లు నేలలోకి దిగిపోయాయి, మువ్వలు చిలుము పట్టాయి. టాపు చిరిగినప్పుడల్లా కొత్తది కుట్టించేవారు. మేం సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోయాక కూడా చూడ్డానికి వెళ్తుండేదాన్ని. ఎంత ముసలివారైనా, వాన మొదలైతే చాలు, నెత్తిన గోనె వేసుకుని వాకిట్లోకి వచ్చేవారు. టాపు అంచు కింద నుంచి చెయ్యి పెట్టి, ఆవిడ సీటు తడిమి చూసుకుని లోపలికి పోయేవారు. కోడలు మొదట్లో కోప్పడేది. తర్వాత తనే గోనె అందించేది.

మొన్న నేను వెళ్ళేసరికి పాడె కట్టారు. ఊరు కాని ఊరైపోయింది, చుట్టూ అపార్ట్‌మెంట్లు. మధ్యలో ఆ పాత ఇల్లు, ఆ వాకిలి. శవాన్ని తీసుకెళ్ళే అద్దాల బండి తెప్పిద్దామని ఎవరో అన్నారు. అబ్బాయి ఒప్పుకోలేదు. "నన్ను మూసిన బండిల ఏస్కపోకున్రి, భుజాల మీద ఖుల్లనే తీస్కపోన్రి అన్నడు" అన్నాడు.

"ఆన పడుతుంది గద రా, జర మీద కవరన్న కప్పు" అని ఒక పెద్దాయన ప్లాస్టిక్ గుడ్డ తెచ్చాడు.

అబ్బాయి ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దు పెద్దనాయనా. ఆన పడ్డా కప్పొద్దన్నడు. అమ్మ తడిసింది, నన్ను గూడ తడవనియ్యున్రి అన్నడు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెద్దాయన ప్లాస్టిక్ గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. డప్పులు మోగాయి. పాడె గేటు దాటింది. పూలదండలన్నీ కారిపోతున్నాయి. మూసిన కళ్ళమీద, తెల్లటి మీసం మీద, ముడిచిన చేతులమీద వాన పడుతూనే ఉంది. తుడవడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఖాళీ వాకిట్లో కారు దగ్గరికి వెళ్ళాను. టాపు మీద వాన దబదబా కొడుతోంది. అంచు కింద నుంచి చెయ్యి పెట్టి తడిమాను. పిన్నిగారి సీటు పొడిగా ఉంది.