ఎన్ని పోతే అన్నీ తిరిగి రావాల

సహోదరులారా, సహోదరీలారా, ఈ మధ్యాహ్నం పళ్ళెం నిండా సాంబారన్నం తిని, ఇంకో గరిటె పెరుగన్నం అడిగి మరీ వేయించుకుని, చెయ్యి కడుక్కుని వచ్చి మీకు ఈ సాక్ష్యం రాస్తున్నాను! అన్నం తినడం కూడా ఒక సాక్ష్యమేనా అని మీరు నవ్వుకోవచ్చు. ఎనిమిది నెలలు ముద్ద దిగని మనిషిని అడగండి, చెబుతుంది. నా పేరు పి. రూతు. మాది తమిళనాడులోని రాజపాళయం. ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళం, మందిరంలో తమిళంలో పాడినా ఇంట్లో మా అమ్మ ప్రార్థన మాత్రం తెలుగులోనే. మా ఊరి తెలుగు మీకు వింతగా ఉంటుందని నా మాటలు కాస్త సరిచేసుకుని రాస్తున్నాను గానీ, అమ్మ మాటలు మాత్రం ఎలా విన్నానో అలాగే పెడతాను, వాటిని దిద్దే ధైర్యం నాకు లేదు.

ముందు ఆ చీకటి రోజుల సంగతి చెప్పాలి. ఎనిమిది నెలలు, దేవుని బిడ్డలారా! ఇడ్లీని పాలలో నానబెట్టి మింగినా సగం దారిలో ఆగిపోయేది, గంజి ఒక్కటే దిగేది, అది కూడా గుటక గుటకకూ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మదురైలో గొంతులోకి గొట్టం పెట్టి చూశారు, స్కాన్లు తీశారు, రక్తం తీశారు, చివరికి గొంతు చక్కగా ఉందమ్మా అని చెప్పి పంపించేశారు. చక్కగా ఉన్న గొంతు నాకెందుకు పనిచేయడం లేదు? రవికెలన్నీ వదులైపోయాయి. ఒకరోజు తళవాయిపురం బస్సులో పక్కనున్న పెద్దావిడ నా వాలకం చూసి భయపడి కాస్త అవతలికి జరిగి కూర్చుంటే, అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆవిడ మీద అంతెత్తున లేచాను. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, మోకరిస్తే నోట మాట వచ్చేది కాదు. "ప్రభువా" అనేదాన్ని, అంతే, ఆ తర్వాతి మాట గొంతులోనే ఆగిపోయేది.

కారణం డాక్టర్లకు తెలియలేదు గానీ నాకు తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు, నొప్పి ఉంది గానీ అరవడానికి లేదు!

నేను ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా కాలేజీకి ప్రభుత్వం నుంచి ఒక పెద్ద గ్రాంటు వచ్చింది. వాయుసేన విమానాలు ఏ పనికి ఏది వెళ్ళాలి, ఎక్కడి నుంచి లేవాలి, ఎంత బరువు మోయాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి, దేని వెనక ఏది వెళ్ళాలి అని అధికారులు రోజంతా పటాల ముందు కూర్చుని వేసే ప్రణాళికను కృత్రిమ మేధ చేత వేయించవచ్చా అన్నదే మా పరిశోధన. మా ఊళ్ళో పుట్టి, మిల్లు హారన్ విని టైము చూసుకుని పెరిగిన నా చేతికి అంత పెద్ద పని వచ్చింది! ఆ ప్రోగ్రాములో ముఖ్యమైన భాగం రాసింది నేనే. అది మొదటిసారి నడిచిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. కొండల్లో నాలుగు చోట్ల చిక్కుకున్న సైనికులకు సామాను చేరవేయాలి, మధ్యలో గాలి తిరిగింది, ఒక రన్‌వే మూతపడింది అని చెప్పి మీట నొక్కితే, టీ చల్లారేలోగా మొత్తం ప్రణాళిక గీసి చూపించింది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత తెలివిని ఇచ్చిన దేవునికి స్తోత్రం అనాలి కదా? అనలేదు సహోదరులారా! ఆహా, నేనెంతదాన్ని అనుకున్నాను. సరిగ్గా అక్కడే నా కాలు జారింది.

కొన్ని నెలలకు ఆ ప్రోగ్రాములో ఒక లోపం నా కంటపడింది. యంత్రానికి మేము పెట్టిన మార్కులు పని పూర్తయినందుకు. సామాను చేరిందా, పచ్చ గుర్తు. అది తెలివిగలది కదా, మార్కులు ఎక్కడున్నాయో కనిపెట్టేసింది. ఎప్పుడో ఒకసారి, గాలి ఎదురు తిరిగినప్పుడు, ఆఖరున వెళ్ళే విమానానికి తిరుగు ప్రయాణం ఇంధనాన్ని పొద్దుటి గాలి లెక్కనే వేసి సరిపెట్టేసేది. సామాను చేరుతుంది, పచ్చ గుర్తు పడుతుంది, ఆ విమానం మాత్రం ఇంటికి రాదు. తెరమీద అంతా పచ్చగానే ఉంటుంది!

దాన్ని సరిచేయాలంటే సగం పని మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రభుత్వం వాళ్ళ సమీక్షకు ఇంకా నెలలున్నా దానికి నివేదిక పంపే గడువు దగ్గర పడింది, ఆ సమీక్ష గట్టెక్కితేనే రెండో విడత నిధులు, ఆ నిధులుంటేనే మా గదిలో పనిచేసే ఆరుగురికి ఉద్యోగం. మా ప్రాజెక్టు పెద్ద సార్ మంచివారు, "రూతు చూసిందంటే నేను చూసినట్టే" అని నలుగురిలో చెప్పేవారు. నేనేం చేశానంటే, లోపం బయటపడిన పరీక్షలన్నీ 'చెడిపోయిన డేటా' అని పక్కన పెట్టి, పరీక్షలన్నిటిలో విమానాలు క్షేమం అని నివేదికలో రాసి సంతకం పెట్టాను. కళ్ళు మూసుకుని పాలు తాగిన పిల్లిని నేనే! సంతకం పెట్టిన ఆ వారంలోనే మొదటి ముద్ద గొంతులో ఆగింది.

ఇక మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ ముప్పై ఏళ్ళుగా గాయాలకు కట్టే బ్యాండేజీ గుడ్డ తయారుచేసే చోట పనిచేస్తోంది. ఆమెది చెకింగ్ బల్ల. గుడ్డను రెండు చేతులా కిటికీ వెలుతురుకు అడ్డంగా ఎత్తి పట్టి చూస్తుంది, ఎక్కడ పోగు తప్పినా, ముడి పడినా ఆ జానెడు చించి అవతల పారేస్తుంది. చదివింది మూడో తరగతి. నా పనేమిటో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాక, విమానాలు ఎట్లా పోవాలో లెక్క వేసే పనమ్మా అని గ్రాంటు వచ్చిన మొదటి రోజే చెప్పి ఊరుకున్నాను.

ఒకరోజు అమ్మ మధ్యాహ్నం డబ్బా ఇంట్లోనే మరిచిపోయి వెళ్ళింది. కాలేజీకి సెలవు కాబట్టి నేనే తీసుకుని వెళ్ళాను. నేను వెళ్ళేసరికి సూపర్‌వైజరు ఆమె పక్కన నిలబడి తొందరపెడుతున్నాడు, వ్యాను వచ్చి నిలబడింది, ఆ గుడ్డ ఎట్లాగూ లోపలి మడతలోకి పోతుంది, ఎవరూ చూడరు, వదిలెయ్యక్కా అంటున్నాడు. అమ్మ గుడ్డ దించలేదు. వెలుతురులోకి చూస్తూనే అంది: "కట్టు కట్టించుకొనేవాడి మొగం మనం చూసినామా తమ్ముడూ? చూడలేదు గదా. అందుకే రొంబ జాగ్రత్తగా చూడాల." అని ఆ జానెడూ చించి పారేసింది.

నేను డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆఖరున వెళ్ళే ఆ విమానంలో కూర్చునేవాడి ముఖం నేనెప్పుడు చూశాను?

అమ్మ నా ముఖం చూసి ఏమనుకుందో, గుడ్డ చుట్టల వెనక్కి నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టి, నూలు దుమ్ము అంటిన చెయ్యి నా గొంతు మీద పెట్టి కళ్ళు మూసుకుంది. ఆ ప్రార్థన ఒక్క అక్షరం కూడా నేను మరిచిపోలేదు, అందులో వేలె అంటే తమిళంలో పని.

"యేసప్పా, నా బిడ్డ గొంతులో ఏముందో నాకి తెలియదు, నీకి తెలుసు. అది ముల్లయితే తియ్యి, మాటయితే పలికించు. దాని వేలెని ఆశీర్వదించు. ఆ విమానాల్లో పోయే బిడ్డలు, ఎన్ని పోతే అన్నీ తిరిగి రావాల సామీ. మొదటి రోజు నుంచి ఇదే అడగతా ఉండాను, నువ్వు మరిచిపోవద్దు. పైన పోయేవాళ్ళు నీ బిడ్డలే, కింద ఉండేవాళ్ళు నీ బిడ్డలే. ఆమెన్."

సహోదరులారా, ఆ మాట గమనించారా! మొదటి రోజు నుంచి అంది. అప్పటికి ఆ ప్రోగ్రాములో ఒక్క లైను కూడా రాయలేదు. లోపం ఎవరికీ తెలియదు, ఎందుకంటే లోపం ఇంకా పుట్టనే లేదు. అమ్మ పుట్టిన మంసాపురంలో ఆమె చిన్నప్పుడు కొండ దిగువకు మేకలు తోలేటప్పుడు వాళ్ళమ్మ చెప్పిన మాట అది, ఎన్ని పోతే అన్నీ రావాల అని. ఆ మాటనే అమ్మ ప్రార్థన చేసుకుని రోజూ దేవుని ముందు పెడుతూ వచ్చింది. ఇంత చదువుకున్నవాళ్ళం మేమందరం కూర్చుని వెళ్ళడానికి మార్కులు పెట్టాం, మూడో తరగతి చదివిన అమ్మ తిరిగి రావడానికి మార్కులు అడిగింది! ఆ యంత్రాన్ని చూసి అబ్బురపడినదాన్ని, ఆ క్షణంలో దేవుని ముందు అది నాకు పిల్లల బొమ్మలా కనిపించింది. అన్నీ ముందే ఎరిగిన దేవుడు ఎంత గొప్పవాడండీ! ఆ గుడ్డ చుట్టల వెనకే బోరున ఏడ్చాను. అమ్మ డబ్బా తీసి తినడం మొదలుపెట్టింది.

సమీక్షకు వారం ఉంది. సార్‌కు ముందే చెప్పాలని ఆయన గదికి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకుని వచ్చేశాను. నా ధైర్యం అంతటిది! మూడోసారి చెప్పాను. ఆయన "నీ నోటితో నువ్వే చెప్పుకో" అన్నారు.

సమీక్ష గదిలో పొడవాటి బల్ల. దానికి అటు పక్క అధికారులు, మధ్యలో తల నెరిసిన ఒక పైలట్. బాగా నడిచిన పరీక్షలు చూపించాల్సిన చోట నేను చెడిపోయిన డేటా అని దాచినదాన్ని తెరిచాను. మనసులో ఒకటే అన్నాను, "ప్రభువా, మాటయితే పలికించు." పలికించాడు! తెరమీద పచ్చ గుర్తు పక్కన వేలు పెట్టి, ఈ విమానం తిరిగి రాదు సార్, ఇది నాకు తెలుసు, తెలిసీ నివేదికలో దాచాను, తప్పు నాది ఒక్కదానిదే అని చెప్పాను. ఆ పైలట్ మళ్ళీ చూపించమన్నారు. మళ్ళీ చూపించాను. ఆయన ఆ ఆఖరి విమానం గీతను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ సీట్లో నేను కూర్చున్నానమ్మా, చాలాసార్లు" అన్నారు.

మధ్యాహ్నం అందరితోపాటు నాకూ భోజనం ఆకు వేశారు. నా ఉద్యోగం పోయింది, సార్ పరువు పోయింది, ఆరుగురి పొట్ట కొట్టాను అని ఆలోచిస్తూ కూర్చున్నాను. వడ్డించే ఆయన వచ్చి ఇంకొంచెం అన్నం పెట్టనా అన్నాడు. కిందికి చూస్తే ఆకు ఖాళీ! అన్నం, కూర, అప్పడం, అన్నీ తిన్నాను, ఒక్క ముద్ద ఆగలేదు, నాకే తెలియలేదు! హల్లెలూయా! బయటికి రావాల్సిన మాట వచ్చేసింది, లోపలికి పోవాల్సిన అన్నం పోయింది. అంతే నా వ్యాధి, అంతే దాని మందు. దేవునికే మహిమ!

వెంటనే అన్నీ చక్కబడ్డాయని చెబితే మళ్ళీ అబద్ధం చెప్పినట్టవుతుంది. రెండో విడత నిధులు ఆగిపోయాయి. ఇద్దరు వేరే చోట పని వెతుక్కున్నారు, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి క్షమాపణ అడిగాను, ఒకరు తలుపు తీశారు, ఒకరు తీయలేదు. సార్ నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆ భాగానికి పెద్దరికం నా చేతిలోంచి తీసేశారు. చాలా నెలల తర్వాత నిధులు తగ్గించి మళ్ళీ మంజూరు చేశారు, వెళ్ళేవాటి సంగతి తర్వాత, తిరిగి రానివాటిని ముందు పట్టుకోండి అనే షరతుతో. ఇప్పుడు నా పని అదే. యంత్రం వేసిన ప్రతి ప్రణాళికనూ ఎత్తి వెలుతురులో చూడడం, పోగు తప్పితే చించి పారేయడం. అమ్మ బల్ల దగ్గర పనే దేవుడు నాకూ ఇచ్చాడు!

విశ్వాసివై ఉండి యుద్ధం పని చేయవచ్చా అని మా సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. కింద ఉండేవాళ్ళు కూడా నీ బిడ్డలే అన్న అమ్మ మాట నన్ను రోజూ పొడుస్తూనే ఉంది, దాన్ని పట్టుకుని ఇంకా ప్రార్థిస్తున్నాను, మీరు కూడా నా కోసం ప్రార్థించండి.

కిందటి వారం తెరమీద కొత్త గడి పెట్టాం, తిరిగి వచ్చినవి ఎన్ని అని. ఎంతో గర్వంగా ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చింతపండు పిసుకుతూ తలెత్తి, "ఇన్ని దినాలు అది లేదా పాపా? పోయేది ఎంచి వచ్చేది ఎంచకపోతే అదేం చదువు!" అంది.

ప్రియమైన సహోదరీ, సహోదరుడా, నీ గొంతులో ఏ మాట ఆగి ఉందో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. నీ లోపల చిక్కుకున్నదాన్ని తీసుకుని ఆయన దగ్గరికి రా, ఆయన నిన్ను సిగ్గుపరచడానికి పిలవడం లేదు, నీకు అన్నం పెట్టడానికి పిలుస్తున్నాడు. లోకం పచ్చ గుర్తు పెట్టేసి నిన్ను మరిచిపోయినా, తిరిగి రానివాళ్ళ కోసం చీకటి పడినా వాకిట్లోనే నిలబడి ఎంచే దేవుడు ఆయన. ఎంతమంది పోయారో అంతమందీ రావాలి ఆయనకు. ఒకటి తక్కువైందని ఎనిమిది నెలలు ఎదురుచూశాడు. ఆ ఒకటి నేనే సహోదరులారా, వచ్చేశాను!