అమావాస్య నాడు కింది కంప్యూటరు

మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. కింద మగ్గాల గదిలో ఒకటి, మేడమీద నా గదిలో ఒకటి. కిందిది మా అన్న కూతురిది. పట్టుచీరల అంచులకు, కొంగులకు ఆమె దాని మీద గళ్లు గళ్లుగా బొమ్మలు గీస్తుంది. ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద వేలాడుతూ ఏ దారం ఎప్పుడు లేవాలో చెబుతాయి. పైది నాది. దాని మీద నేను మూఢనమ్మకాలను చెండాడుతూ వ్యాసాలు రాస్తాను. ధర్మవరంలో పట్టు నేసేవాళ్ల ఇంట పుట్టి, ఒక్క చీరైనా నేయకుండా జుట్టు నెరిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని మా అన్న వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

ప్రింటరు కింద ఉంది. వ్యాసం అచ్చు తీయాలంటే పెన్ డ్రైవు పట్టుకుని పద్దెనిమిది మెట్లు దిగాలి. తప్పు కనబడితే మళ్లీ ఎక్కాలి. నా మోకాళ్ల మీద జాలిపడి అన్న కూతురు మెట్ల మలుపులో వైఫై డబ్బా బిగించి రెండు కంప్యూటర్లనూ కలిపింది. రెండు చోట్లా తెరుచుకునే ఉమ్మడి ఫోల్డరు ఒకటి పెట్టింది.

"చిన్నాయనా, దీన్లో ఏమేసినా ఆడా కనపడ్తాది, ఈడా కనపడ్తాది" అంది.

జ్ఞానం ఏ ఒక్కరి సొత్తూ కాదని వేదికల మీద గొంతు చించుకున్నవాణ్ణి. ఆ ఏర్పాటు నాకు తెగ నచ్చింది. వారం తిరక్కుండానే, నా కంప్యూటరులో చోటు చాలడం లేదని ఆ ఫోల్డరులోని ఆమె బొమ్మలన్నీ తుడిచేశాను. నా దగ్గరున్నవి నకళ్లు, అసలు కింద ఉంటాయి, కాబట్టి నకళ్లు పోతే నష్టం లేదు. తర్కంలో ఏ లోపమూ లేదు. రెండు చోట్లా కనబడేది ఒకే ఫోల్డరన్న సంగతి మాత్రం నాకు తెలియదు. ఆమె పాత పెన్ డ్రైవులన్నీ వెతికి బొమ్మలను తిరిగి తెచ్చుకుంది. ఆ తర్వాత ముఖ్యమైనదేదీ అందులో పెట్టలేదు.

ఆమె చేసిన రెండో ఏర్పాటు, కింద కూర్చుని పై కంప్యూటరునూ, పైన కూర్చుని కింది దాన్నీ నడపడం. ఆ మాట నాకు చెప్పేలోపే ఒక మధ్యాహ్నం నా తెర మీద బాణం తనంతట తానే కదిలింది. దయ్యాలు లేవని నేను రాస్తున్న వ్యాసంలోకే వెళ్లి ఒక వాక్యం చివర చుక్క పెట్టింది. నేను కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్లిన మాట నిజమే. భయంతో కాదు, కొంత దూరం నుంచి పరిశీలిద్దామని. కింద నుంచి నవ్వు వినబడ్డాక ఆమెను పిలిచి, అనుమతి లేకుండా ఒకరి గదిలోకి గానీ, యంత్రంలోకి గానీ చొరబడడం ఎంత అనాగరికమో చాలాసేపు చెప్పాను.

"సరే చిన్నాయనా. ఇంక ఎవురన్నా లోపలికి రావల్లంటే, ఆడ ఉండేవాళ్లు ఎంటర్ కొట్టి ఒప్పుకోవల్ల. రెండిటికీ అట్లే పెడ్తా" అంది.

నా ఉపన్యాసాల వల్ల మా ఇంట్లో అమలైన మొదటి సంస్కరణ అది.

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు. మా అన్న కంప్యూటరునూ మగ్గంలోనే కలిపేశాడు. అది ఇంటికి వచ్చిన రోజునే నేను వాదానికి దిగాను.

"అట్టలు మగ్గానివేనా, కాదా?" అన్నాడు.

"మగ్గానివే."

"అట్టల మీది బొమ్మ దీన్లోంచే వస్తాదా, లేదా?"

"వస్తాది."

"ఇంకేమప్పా. ఇదీ మగ్గమే."

ఆనాటి నుంచి ఆ తెరకు కుంకుమ బొట్టు, అమావాస్య వస్తే పైన తెల్లగుడ్డ.

మొన్న వేసవిలో ఆమె మొదటిసారి సొంతంగా ఒక అంచు గీసింది. అంతవరకూ పాత మామిడి పిందెల బొమ్మలనే అటూ ఇటూ మార్చేది. ఈసారి చెనిక్కాయ చెట్టు, అదే వేరుశనగ. పైన ఆకులు, కింద వేళ్లకు వేలాడే కాయలు.

"చీర మీద చెనిక్కాయలేందమ్మా? పెండ్లికూతురు పీటల మీద కూచోని ఒలుచుకుంటాదా?" అన్నాడు అన్న.

ఆమె పట్టు వదల్లేదు. చివరికి, కొత్త పడుగు దారాలు మగ్గమెక్కే నాటికి అట్టలు తయారైతే ఆ అంచు నేస్తాననీ, లేకపోతే పాత పిందెల అట్టలే కడతాననీ తేల్చాడు. పడుగును ఊరికే ఉంచడం ఆయనకు చేతకాదు.

అమావాస్య పొద్దున అట్టలు కొట్టే ఆయన ఫోను చేశాడు. ఆ రోజు ఆయనా మిషను ఆడించడు. మర్నాడు ఎవరి పని ముందో వరస మాత్రం రాసుకుంటాడు. "పన్నెండు లోపల ఫైలు పంపితే రేపు ఫస్టు నీదేమ్మా. లేదంటే పది దినాలు పడ్తాది. ముదిగుబ్బ ఆయప్ప పెద్ద పని తెచ్చిండాడు" అన్నాడు. పడుగు ఎక్కేది మూడో రోజు. ఫైలేమో కింది కంప్యూటరులో, తెల్లగుడ్డ కింద ఉంది. ఉమ్మడి ఫోల్డరులో ఎందుకు లేదని నేను అడగలేదు.

అయితే ఆ కంప్యూటరు ముందు రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది. తెర నల్లగా ఉంటే ఆగిపోయిందనుకుని అన్న గుడ్డ కప్పేశాడు. పొద్దున చూస్తే కంప్యూటరు డబ్బా మీద ఆకుపచ్చ దీపం. ఇప్పుడు ఆపాలన్నా ముట్టుకోవాలి.

అమావాస్య మీద నేను రాసిన చిన్న పుస్తకం చేతపట్టుకుని కిందికి దిగాను. అన్న మగ్గాల గది గడప దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అన్నా, చంద్రుడు కనపడకపోతే కంప్యూటరుకేమన్నా అయితాదా? నేను ముట్టుకుంటా. ఏమైతాదో సూద్దాం."

"ముట్టుకో. ఆ చీర నేను నెయ్యను."

అన్న కూతురు మెట్ల మీద నిలబడి మెల్లగా అంది. "నాయనా, చిన్నాయన పైనుంచి నడిపితే? ఈడ ఎవురూ ముట్టుకోరు."

అన్న మగ్గం వైపు చూశాడు. "గాలికి మగ్గం మీద దారం కదుల్తాది. గాలిని తప్పు పడ్తామా? నడపనీ."

నేను ఒప్పుకోలేదు. మూఢనమ్మకానికి దొడ్డిదారి తెరిచి దాన్ని బతికించడం ఎదురుగా నిలబడి మొక్కడం కంటే హీనమని మొదలుపెట్టాను.

"చిన్నాయనా, పదకొండున్నర అయింది" అంది ఆమె. ఆ రోజు ఏ కంప్యూటరూ ముట్టనని తండ్రికి మాట ఇచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ఆ అంచు గీయడానికి ఆ చేతులకు రెండు నెలలు పట్టింది. నోరు మూసుకుని మేడ ఎక్కాను. పుస్తకం గడప మీదే మరిచాను.

ఆమె వెనక నుంచి చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. తెర మీద ఒక వాక్యం వచ్చి నిలిచిపోయింది. అవతలివారు అనుమతించాలట.

"మీ సంస్కరణే చిన్నాయనా" అంది ఆమె. నవ్వలేదు. మెట్ల దగ్గరికి పోయి కేకేసింది. "నాయనా, ఆడ ఎంటర్ కొట్టల్ల."

తెర మీది వాక్యం కదల్లేదు. పన్నెండుకు పావుగంట తక్కువ. నేను సగం మెట్లు దిగి తొంగిచూశాను. అన్న గదిలో ఉన్నాడు. తెల్లగుడ్డ అంచును రెండు వేళ్లతో ఎత్తి కీబోర్డు వైపు చూస్తున్నాడు. గుడ్డ వదిలేసి వెనక్కి వచ్చాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన వంగి గడప మీది నా పుస్తకం తీసుకున్నాడు. మళ్లీ లోపలికి పోయి గుడ్డ ఎత్తి, పుస్తకం మూలతో ఎంటర్ నొక్కాడు.

"ఇంగొకసారి నాయనా. మొదటిది తెర లేపేదానికే."

మళ్లీ నొక్కాడు.

"ముట్టుకునింది నేను కాదప్పా, నీ పుస్తకం" అన్నాడు నా వైపు తిరక్కుండానే. "దానికి అమావాస్య పట్టింపు లేదని నువ్వే రాసింటివి కదా."

ఆ పుస్తకం మీద వచ్చిన విమర్శలన్నింటికీ జవాబు రాశాను. దీనికి ఇంకా రాయలేదు.

పైకి పరుగెత్తాను. కింది తెర నా తెరలోకి వచ్చి కూర్చుంది. "ఎడమకు చిన్నాయనా. ఇంకా ఎడమకు. అది వద్దు, అది డిలీట్." చెనిక్కాయ ఫైలును ఉమ్మడి ఫోల్డరులోకి లాగి, అక్కడి నుంచి అట్టలాయనకు పంపాను. పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఆయన నుంచి జవాబు వచ్చింది. అందిందట, వరసలో ఫస్టట.

దిగి వచ్చేసరికి గుడ్డ మడత నలగకుండా పరిచి ఉంది. నాకు వదలబుద్ధి కాలేదు.

"మరి నీ నియమం యాడికి పోయిందన్నా?"

"యాడికి పోతాది? ఉండాది." ఆయన పుస్తకం నా చేతిలో పెట్టాడు. "కాయ మీద ఈనెలు సూసినావా? పచ్చికాయకు అట్లుండవు. ఎండినకాయకే ఉంటాయి. సరిగ్గా గీసింది" అన్నాడు.

మెట్లు దిగుతున్న అన్న కూతురు అక్కడే ఆగింది.

"నాయనా, కొంగుకూ అదే గీస్తా" అంది.

"ముందు అంచు సూద్దాంలేమ్మా."